పదహారు శాతం

రేణిగుంట రోడ్డులో చెరుకురసం బండి వెంకటముని
గోనెసంచిలో చుట్టిన ఐసుగడ్డ
నాకు సగం ధరకే ఇస్తాడు.
"యూనివర్సిటీలో ఏం రసం తీస్తావు పాపా?" అంటాడు.
పచ్చటిదే అంటాను.
అబద్ధం కాదు.

ఐసు మధ్యలో బీకరు.
ఆమ్లంలో కలిసిన అనిలిన్ మీద
బ్యూరెట్ నుంచి చుక్క తర్వాత చుక్క.
తొందరపడితే వేడెక్కుతుంది, వేడెక్కితే చెడుతుంది.
పావుగంట ఏమీ కాదు.
తర్వాత ఎవరో నీలిమందు చెయ్యి కడుక్కున్నట్టు
అంచున ఒక మరక.
నేను పెన్నుకి మూత పెట్టేలోపు బీకరంతా నీలం,
గంట తిరక్కముందే ముదురు పచ్చ.
మూడేళ్లుగా చేస్తున్నా
ఆ మారే క్షణం ప్రతిసారీ నా కళ్లు తప్పించుకుంటుంది.

వడకట్టి, కడిగి, ఆరబెట్టి నూరితే
రాగిపిండి కన్నా మెత్తన.
ఒంటరిగా నిలవదు, పట్టుకుంటే రాలుతుంది.
అందుకే వేడినీళ్లలో గంజిలా కరిగే
పీవీఏలో కలుపుతాను.
కరెంటు తెలిసినదీ వంగడం తెలిసినదీ
ఒకే పళ్లెంలో మూడు రోజులు ఆరాలి.

మా నాయన పూతలపట్టులో లైన్‌మన్.
ఎడమచేతి రెండు వేళ్లకి స్పర్శ లేదు.
నేను నాలుగో తరగతిలో ఉండగా
ఎల్సీ ఇచ్చామన్నారు, ఇవ్వలేదు.
కుడిచేతికి గ్లవుజు ఉండింది,
దానివల్ల మనిషి మిగిలినాడు.
నా థీసిస్ పేరు విన్న రోజు
అన్నం కలిపే చెయ్యి ఆపినాడు.
"ప్లాస్టిక్‌లో కరెంటు పారిస్తావా?
దాన్ని నమ్ముకునే గదమ్మే మేం స్తంభం ఎక్కేది!"

రెండు శాతం. సున్నా.
ఆరు. సున్నా.
పది, పన్నెండు.
నాలుగు సూదుల కింద ఫిల్ము నొక్కిపెట్టి
బయటి రెంటిలోంచి కరెంటు పంపి
లోపలి రెంటి మధ్య వోల్టులు వెతుకుతాను.
మీటరు గాలిని కొలుస్తున్నట్టు ఊగుతుంది.
శేషాచలం మీద మబ్బు పట్టిందంటే
నిన్నటి అంకె ఇవాళ పనికిరాదు.
పద్నాలుగు.
సున్నా అనే అనాలి.

మేముండే కొర్లగుంట సందులోకి ట్యాంకరు పట్టదు.
మొగదల ఆగుతుంది.
ఆడవాళ్లం వరసగా నిలబడి బిందెలు చేతులు మారుస్తాం.
చంటిబిడ్డ ఏడ్చిందని ఒకామె లోపలికి పోతే
ఇరవైతొమ్మిదిమందిమి ఉండీ
చివరింటికి చుక్క చేరదు.
ఆమె వచ్చి చెయ్యి చాచిందా,
తొట్టి నిండుతుంది.

పదహారు శాతం రోజు నేనెవర్నీ పిలవలేదు.
సూదులు ఎత్తి, తుడిచి, మళ్లీ దించాను.
ఫిల్ము తిప్పి పెట్టాను. కొత్త ముక్క కోశాను.
పద్నాలుగు కన్నా లక్షరెట్లు.
మీటరు చెడిందని అటెండరు మునికన్నయ్యకి చెప్పి
పక్క ల్యాబు నుంచి ఇంకోటి తెప్పించాను.
అదీ అంతే చెడిపోయి ఉంది.

ఆదివారం పద్నాలుగూ పదహారూ
రెండు పట్టీలు నోట్‌బుక్కులో పెట్టుకుని బస్సెక్కాను.
నాయన వెలుతురుకి ఎత్తి చూసినాడు.
స్పర్శ ఉన్న వేళ్లతో రుద్దినాడు, లేని వేళ్లతోనూ.
ఒకటే పచ్చ. ఒకటే నునుపు.
"నువ్వు అంత దూరం నిలబడు."
ప్లగ్గు ఫేజులోంచి తీగ లాగి,
ఎడమచేతికి గ్లవుజు తొడిగి,
కటింగ్ ప్లేయరుతో పట్టీని తీగకి అదిమి
అవతలి కొసకి టెస్టరు తాకించినాడు.
ఏమీ లేదు.
రెండోది.
టెస్టరు పిడిలో కందిగింజంత ఎర్ర దీపం.

మెచ్చుకుంటాడనుకున్నాను.
స్విచ్చి ఆపి, తీగ చుట్టి గూట్లో పెట్టి,
"దీనిమీద రాసిపెట్టమ్మే" అన్నాడు.
"చూస్తే తెలీదు. తెలీనోడెవుడో పట్టుకుంటాడు."

మార్కరు తీసి పదహారు వేశాను.
చాలదన్నాడు.
కింద స్తంభం మీదిలాంటి మెరుపు గీత గీశాను.
పుర్రెబొమ్మ కూడా వేయమన్నాడు.